ఏ ప్రోగ్రామ్ ఫైల్స్ సార్, రెండున్నయి!

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందనీ, పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి మారేవాళ్లు ఏమేం చూసుకోవాలో చెబుతూ మీ పత్రికలో ఆ మధ్య ఒక వ్యాసం వేశారు. కత్తిరించి మా దుకాణంలో గల్లా మేజా మీద అద్దం కింద పెట్టుకున్నాను. అందులో ఒకచోట ‘మీ సాఫ్ట్‌వేర్ డేటాను సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి కాపీ చేసి దాచుకోండి’ అని ఉంది. ప్రోగ్రామ్ ఫైల్స్ అంటే విండోస్‌లో ప్రోగ్రాములు వేసుకునే ఫోల్డర్. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోవాలి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణం గుమస్తాను. రైతు సరుకు తెస్తే కాటా అయిన వెంబడే తక్‌పట్టీ రాసివ్వడం నా పని. బస్తాలెన్ని, తూకం ఎంత, ధర ఎంత, అందులోంచి హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు పోను చేతికొచ్చేదెంత, పాత బాకీ ఉంటే ఎంత, అన్నీ ఆ చిట్టీ మీద పడాలి. మొదట్లో కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసేవాణ్ణి. 2016లో మా సేటు ఒక కుర్రాడితో తక్‌పట్టీల ప్రోగ్రామ్ రాయించాడు. విజువల్ బేసిక్ 6లో రాశాడు. అది 1998 నాటి సరుకు, కానీ మాకు ఇప్పటికీ బంగారంలా పనిచేస్తుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గీ గీమంటూ మూడు కాపీలు కొడుతుంది.

పాత కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7, 32 బిట్. కొన్నప్పుడు రెండు జీబీ ర్యామ్. తర్వాత నాలుగు జీబీ వేయిస్తే మూడుంబావే లెక్కకొచ్చింది. మిగతా ముప్పావు ఎటు పోయిందని సేటు ఆ షాపతనితో పెద్ద పంచాయితీ పెట్టాడు. అతని తప్పేం లేదని నాకు ఇప్పుడు తెలిసింది. 32 బిట్ లెక్కలో ర్యామ్‌కు పట్టే చిరునామాలు 4,29,49,67,296. బైటుకొకటి చొప్పున, అంటే సరిగ్గా నాలుగు జీబీ. అందులోనే తెరకూ మిగతా పరికరాలకూ కొన్ని పోతాయి. రసీదు పుస్తకంలో నంబరు గడికి నాలుగంకెల చోటే ఉంటే 9999 దాటి రసీదు రాయలేం కదా, అదే సంగతి.

మొన్న ఫిబ్రవరిలో, మిర్చి రాక మొదలైన వారంలో, ఆ పాత మిషను ఇక కదలనని మొండికేసింది. బటన్ నొక్కి గేటు దాకా పోయి చాయ్ తాగి వచ్చినా తెరుచుకోదు. సీజన్లో ఇట్లయితే కుదరదని కొత్తది తెచ్చాం. విండోస్ 11. ఇందులో 32 బిట్ రకమే లేదు, వచ్చేదే 64 బిట్. బిగించడానికి ఒక పిల్లగాడు వచ్చాడు. మా దగ్గర ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు ఇచ్చిపోయిన జిరాక్స్ కాగితం ఉంది, ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు కొట్టుకున్నాం. ప్రోగ్రామ్ మళ్లీ వేయాల్సి వస్తే ఏం చేయాలో వరుసగా అందులో ఉంది. ప్రోగ్రామ్‌కు విడిభాగం లాంటి ఓసీఎక్స్ ఫైలును విండోస్ లోపలి సిస్టమ్32 అనే ఫోల్డర్లో పెట్టాలి. సెటప్ నడపాలి. పెన్‌డ్రైవ్‌లోని డేటా ఫైలును సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మా దుకాణం పేరుతో ఉన్న ఫోల్డర్లో పెట్టాలి. మూడే మూడు మెట్లు.

పిల్లగాడు మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. ప్రోగ్రామ్ తెరిస్తే ఫలానా ఓసీఎక్స్ ఫైలు లేదని తెర మీద ఎర్ర గుర్తు. ‘పెట్టిన గద సార్, చూడుండ్రి’ అని సిస్టమ్32 తెరిచి చూపించాడు. ఫైలు ఉంది. నా కండ్లతో నేను చూశాను. ప్రోగ్రామ్‌కు మాత్రం కనపడదు!

ఈ ముడి విప్పింది మా చిన్నబిడ్డ. కాకతీయ యూనివర్సిటీ దగ్గర కంప్యూటర్స్ చదువుతుంది. ఫోన్ చేస్తే నవ్వి, ‘బాపూ, పేరు చూసి మోసపోయిండ్రు. 64 బిట్ విండోస్‌ల సిస్టమ్32 అంటే 64 బిట్ ఫైళ్లుండే జాగ. 32 బిట్‌వి సిస్‌వావ్64ల ఉంటయి’ అంది. నేను రెండుసార్లు అడిగి రాసుకున్నాను, తిరగేసి చెబుతుందేమోనని. కాదు, నిజంగా అంతే. 32 పేరున్న ఫోల్డర్లో 64, 64 పేరున్న ఫోల్డర్లో 32. పాత ప్రోగ్రాములన్నీ సిస్టమ్32 అనే పేరునే నమ్ముకుని ఉండటంతో ఆ పేరు మార్చకుండా లోపలి సరుకు మార్చారట. వావ్64 అంటే 64 బిట్ విండోస్ మీద 32 బిట్ విండోస్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు. 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32కు పోతానంటే, దానికి తెలియకుండానే భుజం పట్టి సిస్‌వావ్64లోకి తిప్పేస్తుంది. అందుకే పిల్లగాడు పెట్టిన ఫైలు అతని కంటికి కనపడుతుంది, మా ప్రోగ్రామ్‌కు కనపడదు.

మనకు ఇది కొత్తేం కాదనిపించింది. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు వాటిలో రెండింటిని అర్బన్, రూరల్ అన్నారు. 2021 ఆగస్టులో అర్బన్‌కు హనుమకొండ అనీ, రూరల్‌కు వరంగల్ అనీ పేరు పెట్టారు. అంటే నిన్నటిదాకా రూరల్ అని రాసుకున్న నర్సంపేట ఇప్పుడు ఉత్త వరంగల్ జిల్లా. పాత కాగితంలో ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే అది ఏ సంవత్సరం కాగితమో చూడకుండా ఏ ఊరిదో చెప్పలేం. పేరు అదే, లోపల మారింది. సిస్టమ్32 కథ వినగానే నాకు మొదట గుర్తుకొచ్చింది మా కలెక్టరాఫీసుల బోర్డులే.

సరే, ఓసీఎక్స్‌ను సిస్‌వావ్64లో పెట్టి, అక్కడి రెగ్‌ఎస్‌వీఆర్32తోనే నమోదు చేస్తే ప్రోగ్రామ్ తెరుచుకుంది. మూడో మెట్టు మిగిలింది. పిల్లగాడు కాగితంలో ఉన్నట్టే సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ తెరిచాడు. మా దుకాణం పేరుతో ఫోల్డర్ లేదు. లేకపోతే తయారుచేస్తే పోయే అని కొత్త ఫోల్డర్ చేసి, పేరు పెట్టి, డేటా ఫైలు అందులో వేశాడు. ప్రోగ్రామ్ తెరిస్తే రైతులు సున్నా, బాకీలు సున్నా.

అప్పుడు నేను గమనించాను. దాని కిందనే అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. ప్రోగ్రామ్ ఫైల్స్, పక్కన బ్రాకెట్లో ఎక్స్86. ఇదేందని అడిగితే పిల్లగాడు, ‘ఎక్స్ అంటే పాతది సార్, ఎక్స్ సర్పంచ్ అన్నట్టు. పాత ఫైళ్లు. డిలీట్ చేసినా ఏం కాదు’ అన్నాడు. చేయలేదు, బతికాం. మా ప్రోగ్రామ్ కూర్చున్నది ఆ ‘ఎక్స్ సర్పంచ్’ ఇంట్లోనే.

ఈ 86 సంవత్సరం కూడా కాదు. ఇంటెల్ 1978లో 8086 అనే ప్రాసెసర్ తెచ్చింది. తర్వాత 80186, 80286. 1985లో వచ్చిన 80386తో 32 బిట్ మొదలైంది. అన్నిటి తోకా 86 కాబట్టి ముందు అంకెల స్థానంలో ఎక్స్ పెట్టి ఆ వంశం మొత్తానికి ఎక్స్86 అని ఇంటిపేరు పడింది. విండోస్ ఆ ఇంటిపేరును 32 బిట్ ప్రోగ్రాములకు వాడుకుంది. 64 బిట్ మిషనులో 64 బిట్ ప్రోగ్రాములు ఉత్త ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి, 32 బిట్‌వి ఎక్స్86 ఉన్నదాంట్లోకి పోతాయి. 32 బిట్ మిషనులో ఒకటే ఫోల్డర్, గొడవే లేదు. మా కాగితం రాసిన కుర్రాడి ముందున్నది ఆ మిషనే. ఆనాటికి అతను రాసింది అక్షరాలా నిజం.

ఇంకో ముచ్చట మధ్యలో. ఈ 64 బిట్ పద్ధతిని 2003లో ముందుగా మార్కెట్లోకి తెచ్చింది ఏఎండీ. మరుసటి ఏడు ఇంటెల్ కూడా ఆ దారికే వచ్చింది. అందుకని ఇంటెల్ మిషనును అడిగినా దాని రకం ఏఎండీ64 అనే చెబుతుంది. మా బిడ్డ సాయంత్రం వచ్చి అది తీసి చూపిస్తే సేటు మొహం ఎర్రబడింది. ‘ఇంటెల్ అని పైసలు వెట్టిన. ఇది ఏఎండీ అంటది ఏంది? వాపస్ ఇద్దాం’ అన్నాడు. సముదాయించేసరికి తాతలు దిగొచ్చారు.

మళ్లీ డేటా దగ్గరికి వస్తాను, అసలు దెబ్బ అక్కడే. ఫైలును ఎక్స్86 లోపలి మా ఫోల్డర్లో పెట్టాం. ప్రోగ్రామ్ తెరిచాం. మళ్లీ సున్నా! ఈసారి పిల్లగాడు ‘పొద్దున వస్త సార్’ అని జారుకున్నాడు. బయట రేగొండ నుంచి వచ్చిన రైతు కాటా అయిపోయి తక్‌పట్టీ కోసం నిలబడ్డాడు. పోయినేడు అతను ఎరువులకని తీసుకున్న బాకీ ఎంతో నాకు నోటికి రాదు, సేటుకూ రాదు. ఆయనే చెప్పాడు పాపం, తన జేబులోని పాత చిట్టీ తీసి. దాన్ని చూసి చేత్తో రాసిచ్చాను.

రాత్రి మా బిడ్డ కూర్చుని చూస్తే తేలింది. ప్రోగ్రామ్ ఫైల్స్ అనేది తాళం వేసిన అర. విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి మామూలు ప్రోగ్రామ్ దాంట్లో రాయడానికి విండోస్ ఒప్పుకోదు. కానీ పాత 32 బిట్ ప్రోగ్రాములు అక్కడే రాస్తామని పట్టుబడతాయి కాబట్టి, వాటిని సంతోషపెట్టడానికి ఒక దొడ్డిదారి పెట్టారు. పేరు వర్చువల్‌స్టోర్. ప్రోగ్రామ్ తాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాస్తున్నాననుకుంటుంది. నిజానికి ఆ రాత వాడేవాడి సొంత ఫోల్డర్ లోపల, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే మూలకు పోతుంది. చదివేటప్పుడు కూడా ముందు అక్కడి నకలే చూస్తుంది. మేము మొదటిసారి ప్రోగ్రామ్ తెరిచినప్పుడే అక్కడ ఒక ఖాళీ నకలు తయారైంది. ఆ తర్వాత ఎక్స్86లో ఎన్ని ఫైళ్లు పోసినా ప్రోగ్రామ్ వాటి మొహం చూడలేదు.

అప్పుడు నా గుండె జారింది. పాత మిషనూ అంతే కదా? నేను తొమ్మిదేండ్లుగా ప్రతి శనివారం సాయంత్రం దీపం పెట్టినంత శ్రద్ధగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి డేటా ఫైలును పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తున్నాను. పెన్‌డ్రైవ్ తీసి ఆ ఫైలు మీద తేదీ చూశాం. 12-11-2016. పెద్దనోట్లు రద్దయిన నాలుగో రోజు, ప్రోగ్రామ్ వేసిన రోజు. నేను వారం వారం భద్రంగా దాచింది ఆ ఒక్కరోజు ఖాళీ పుస్తకాన్నే. విండోస్ 7లో ఆ ఫోల్డర్ తెరిస్తే పైన కంపాటిబిలిటీ ఫైల్స్ అని ఒక బటన్ వచ్చేది. తొమ్మిదేండ్లు నా కండ్ల ముందే ఉంది. నొక్కితే అసలు ఫైలుండే చోటికి తీసుకుపోయేదట. నొక్కితే ఏమవుతుందోనని ఒక్కనాడూ వేలు పెట్టలేదు.

మమ్మల్ని కాపాడింది మా సేటు పిసినారితనం. పాత మిషను తూకానికి అమ్మితే ఏమొస్తదని గోదాములో ఖాళీ గోనె సంచుల కింద పడేయించాడు. పొద్దున ఆరింటికి హమాలీ తమ్ముడు ఒకతను భుజాన మోసుకొచ్చాడు. మిర్చి ఘాటుకు తుమ్ముతూ మేమిద్దరం తుడిచి ఆన్ చేస్తే, ఇరవై నిమిషాలకు తెరుచుకుంది. వర్చువల్‌స్టోర్ లోపల, ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల, మా దుకాణం పేరు, అందులో డేటా ఫైలు. తేదీ క్రితం రోజుది. బాకీలన్నీ ఉన్నాయి. రేగొండ రైతు చెప్పిన అంకె పైసాతో సహా సరిపోయింది.

ఇప్పుడు మీ వ్యాసం సంగతి. ‘ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి కాపీ చేసుకోండి’ అని మీరు రాసింది నమ్మి, నాలాగే తేదీ చూడని ఇంకో గుమస్తా కాపీ చేసుకుని, పాత మిషను పాత సామాన్లవాడికి వేసేస్తే? పత్తి, మిర్చి, బియ్యం, ఎరువుల దుకాణాలు, చిట్‌ఫండ్లు, మెడికల్ షాపులు, మన వరంగల్లోనే ఇట్లాంటి పాత ప్రోగ్రాములు నడిపే కొట్లు ఎన్నో. మీ ఒక్కరినే అనడం లేదు. డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ పుల్లకూ, వేలిముద్ర మిషనుకూ ఇస్తున్న సూచనల కాగితాలు నాలుగైదు నా దగ్గరే ఉన్నాయి. ఇచ్చినవాళ్ల పేర్లు రాయను. కొత్తగా అచ్చు వేసినవే. అన్నిట్లో సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఒకటే దారి, మేకు కొట్టినట్టు. మా కుర్రాడికి 2016లో ముందు సంగతి తెలియదనుకోవచ్చు. ఇవాళ రాసేవాళ్లకు ఆ సాకు లేదు.

దారిని రాసివ్వడం కంటే మిషన్నే అడగమనడం మేలని మా బిడ్డ అంటుంది. విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న గడి వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో పర్సెంట్ గుర్తు, ఖాళీ లేకుండా ప్రోగ్రామ్‌ఫైల్స్, మళ్లీ పర్సెంట్ గుర్తు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ మిషనులో అసలు ఫోల్డర్ తనే తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్‌ఫైల్స్ తర్వాత బ్రాకెట్లో ఎక్స్86 చేర్చి అడిగితే రెండోది. 32 బిట్ మిషనయితే రెండో ప్రశ్నకు అట్లాంటిదేం లేదని చెబుతుంది. మనది ఏ రకమో కూడా దాంతోనే తెలిసిపోతుంది. జర్మనీలో అమ్మిన విండోస్ ఎక్స్‌పీలో ఆ ఫోల్డర్ పేరే ప్రోగ్రామె అట. పేరు నమ్ముకున్న ప్రోగ్రాములు అక్కడా బోల్తా పడేవి, అడిగి తెలుసుకునేవి పడేవి కావు.

ఒక మెలిక మాత్రం ఉంది. అడిగేవాణ్ణి బట్టి జవాబు మారుతుంది. అదే ప్రశ్న మనం ఆ గడిలో అడిగితే ఉత్త ప్రోగ్రామ్ ఫైల్స్ అంటుంది. 32 బిట్ ప్రోగ్రామ్ అడిగితే ఎక్స్86 అంటుంది. ఎవరడిగినా 64 బిట్‌దే చెప్పాలంటే ప్రోగ్రామ్‌డబ్ల్యూ6432 అని అడగాలి. యార్డులో ఇవాళ ధరెంత అని అడిగితే జెండా పాట (వేలంపాట) దగ్గర ఒక అంకె చెబుతారు, మన రాశి దగ్గరికొచ్చాక ఇంకో అంకె. రెండూ ఆనాటి ధరలే. ప్రోగ్రాములు రాసే పిల్లలు ఈ మెలిక గుర్తుపెట్టుకుంటే మాలాంటోళ్లకు సగం తిప్పలు తప్పుతాయి. ఈమధ్య ఇంటెల్, ఏఎండీ రకం కాని ఆర్మ్ ప్రాసెసర్ ల్యాప్‌టాపులు వస్తున్నాయి. వాటిలో 32 బిట్ ఆర్మ్ ప్రోగ్రాములకు ఇంకో ప్రోగ్రామ్ ఫైల్స్, బ్రాకెట్లో ఆర్మ్ అని ఉండేదట. అది నేను చూడలేదు, చూడాలని కూడా లేదు.

ఇవేవీ తలకెక్కని నాలాంటివాళ్లకు ఇంకా తేలిక దారి ఉంది. రోజూ తెరిచే బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే ప్రోగ్రామ్ ఎక్కడ కూర్చుందో అదే చూపిస్తుంది. కాపీ చేసే ముందు ఫైలు మీద తేదీ చూడాలి. నిన్న పని చేసి ఉంటే నిన్నటి తేదీ ఉండాలి. లేకపోతే అది అసలు ఫైలు కాదు, వర్చువల్‌స్టోర్‌లో వెతకాలి. ఈ నాలుగు ముక్కలు మీ వ్యాసంలో ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది. వచ్చే వారం మీ పేజీలో ఒక మూల డబ్బా కట్టి వేయండి. అచ్చ తెలుగు చేయబోయి ‘కార్యక్రమ దస్త్రముల సంచయము’ లాంటివి మాత్రం పెట్టకండి. యార్డులో అందరూ ఫోల్డర్ అనే అంటారు.

మా ప్రోగ్రామ్‌ను మా బిడ్డ డి డ్రైవ్‌లోకి, ప్రోగ్రామ్ ఫైల్స్ బయటికి మార్చేసింది. ఇప్పుడు రాసింది రాసిన చోటే ఉంటుంది. శనివారం పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు సేటు కూడా వచ్చి తేదీ చదివి పోతున్నాడు.

ఒక్కటే మిగిలింది. జిల్లాలు విడిపోయి నెల తిరిగినా మా కుర్రాడు ప్రోగ్రామ్‌లో జిల్లా పేరును కూడా వరంగల్ అని మేకు కొట్టి పోయాడు. దాన్ని తీయాలంటే అతను రాసిన అసలు కోడ్ కావాలి, అది మా దగ్గర లేదు. రేగొండ రైతు తక్‌పట్టీ మీద ఇప్పటికీ నేనే నీలం పెన్నుతో వరంగల్ కొట్టేసి, పైన భూపాలపల్లి అని రాసిస్తున్నాను.

ఇట్లు,
ఒక అడ్తి గుమస్తా, కాశిబుగ్గ, వరంగల్
(పేరు అచ్చు వేయవద్దని మనవి. పిసినారి అన్న మాట సేటు చదువుతాడు.)